పాకలోని పద్మిని: నాలుగేళ్ళ పని డైరీ

2021 నవంబరు 21, ఆదివారం

పశువుల పాక వెనుక పద్దెనిమిదేళ్ళుగా టార్పాలిన్ కింద ఉన్న నాన్నగారి ప్రీమియర్ పద్మినిని ఈ రోజు నలుగురం కలిసి తాళ్ళు కట్టి బయటకు లాగాము. మూడు చక్రాలు తిరిగాయి. కుడి వెనుక చక్రం మాత్రం బ్రేకు షూలు డ్రమ్మును పట్టేయడం వల్ల తిరగకుండా, నేలమీద చాలు తీసినట్టు గీత గీసుకుంటూ వచ్చింది. 1978లో ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీలో తయారైన ఈ బండిని నాన్నగారు 1984లో రాజమండ్రిలో ఒక డాక్టరు గారి దగ్గర కొన్నారు. ఫియట్ 1100 డిలైట్‌గా మన దేశంలో మొదలైన ఈ కారుకు 1974లో పద్మిని అని పేరు మారినా, కోనసీమలోని మా ఊళ్ళో దీనిని ఇప్పటికీ ఫియట్ అనే అంటారు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు నాన్నగారు పందొమ్మిదేళ్ళ పాటు దీనిలోనే వెళ్ళివచ్చారు. ఆయన పోయిన తరువాత ఎవరికీ దీనిని అమ్మాలనిపించలేదు, బాగుచేయాలని కూడా అనిపించలేదు.

మధ్యాహ్నం అమలాపురం నుంచి మా టింకరింగ్ మేస్త్రి గారు వచ్చి, చిన్న సుత్తితో బండి చుట్టూ తడుతూ తిరిగారు. గట్టి రేకు ఖణేల్‌మని పలికింది, తుప్పు తిన్నది అట్టముక్కలాగా చప్పబడింది. డ్రైవరు కాళ్ళ కింద నేల రేకులో కొబ్బరికాయ పట్టేంత కన్నం ఉంది. తలుపుల కింద రన్నింగ్ బోర్డు లోపలి పెట్టెలు రెండు వైపులా పొడి అయిపోయాయి. పద్మినికి లారీకి ఉన్నట్టు వేరే చాసిస్ ఉండదు కాబట్టి, బరువంతా ఈ పెట్టెలూ నేల రేకూ కలిసే మోస్తాయి. ఉప్పుగాలి, కాలవగట్టు చెమ్మ, పశువుల మూత్రం తడి, మూడూ కలిసి ఇన్నేళ్ళూ ఆ పెట్టెల మీదే పనిచేశాయన్నమాట.

వెళ్ళేటప్పుడు మేస్త్రి గారు ఒక మాట చెప్పారు. "అబ్బాయిగారూ, ఇలాంటి బళ్ళు నా చేతిలో చాలా మొదలయ్యాయండి. పని రాక ఆగింది ఒక్కటీ లేదండి. మనిషికి విసుగొచ్చి ఆగినవేనండి అన్నీ." అందుకే ఈ పుస్తకంలో బండి స్థితితో పాటు నా మనసు ఏ రోజు ఎలా ఉందో కూడా దాచకుండా రాయాలని నిర్ణయించుకున్నాను. ఖర్చుల లెక్క వేరే పుస్తకంలో ఉంటుంది. రెండూ ఒకే చోట రాస్తే ప్రతి ఆదివారం పని చూసే ముందు ఖర్చు మొత్తం చూస్తానని నాకు తెలుసు.

2021 డిసెంబరు 12

ఇంజను పట్టేసి ఉంది. 1089 సి.సి. ఇంజను, నాలుగు సిలిండర్లు. నవంబరు చివరి వారంలో ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కొక్క రంధ్రంలో డీజిలూ ఇంజనాయిలూ కలిపి ఒక చిన్న గ్లాసుడు పోశాను. రోజూ సాయంత్రం కొబ్బరి లెక్కలు ముగించుకుని వచ్చి, క్రాంక్ పుల్లీ నట్టుకు పెద్ద పానా తగిలించి, బలం ఉపయోగించకుండా ముందుకూ వెనక్కూ ఊపి చూసేవాడిని. బలవంతం చేస్తే పిస్టన్ రింగు విరుగుతుందని మేస్త్రి గారు గట్టిగా చెప్పారు.

పదహారు రోజులు ఏమీ కాలేదు. నిన్న సాయంత్రం పానా మీద చేయి వేసినప్పుడు, నట్టు తిరుగుతోందో, పుల్లీ కూడా తిరుగుతోందో తెలియనంత స్వల్పంగా ఏదో కదిలింది. నమ్మకం కలగక పుల్లీ అంచు మీదా, దాని పక్కన ఇంజను దిమ్మ మీదా ఒకే వరుసలో సుద్దముక్కతో గీత పెట్టి మళ్ళీ ఊపాను. రెండు గీతల మధ్య బియ్యపుగింజ మందం ఎడం వచ్చింది. అమ్మను పిలిచి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, "కదిలిందిరా" అన్నారు. ఈ రోజు ఉదయం ఇంజను పూర్తి చుట్టు తిరిగింది. ఇంకా ప్రాణం ఉందని తెలిసిన బండి మీద పనిచేయడం వేరుగా ఉంటుంది.

2022 మార్చి

ఈ నెలలో చేసిన పని అప్పటికి నాకు చాలా గొప్పగా కనిపించింది. మేస్త్రి గారు వద్దన్నా వినకుండా, కొబ్బరి దింపు పని లేని పది రోజులలో బండిని మొత్తం విప్పేశాను. తలుపులు, బానెట్, డిక్కీ మూత, సీట్లు, డాష్‌బోర్డు, వైరింగు, స్టీరింగు పక్కనుండే గేరు హ్యాండిలు కడ్డీలు, వెనుక కమాను కట్టలు, అన్నీ వేరు చేసి నూటనలభైకి పైగా ప్లాస్టిక్ సంచులలో కట్టి, స్కెచ్ పెన్నుతో పేర్లు రాశాను. ప్రతి సాయంత్రం ఇంత పని చేశానని గర్వంగా ఉండేది. విప్పడం వేగంగా సాగుతుంది, సాగిన ప్రతి గంటకూ పని కళ్ళకు కనిపిస్తుంది, అందులోనే మోసం ఉంది. విప్పిన ప్రతి సామానుకూ తుడవడం, తుప్పు తీయడం, కొత్తది వెతకడం, తిరిగి బిగించడం అని నాలుగు పనులు పుడతాయి. పది రోజులలో రెండేళ్ళ పనిని నేనే పోగుచేసుకుని దాని ముందు కూర్చున్నాను.

మళ్ళీ మొదలుపెట్టగలిగితే ఒక మూల విప్పి, ఆ మూల పూర్తిచేసి, తరువాతి మూలకు వెళతాను. ఈ మాట ఇక్కడ రాస్తున్నది బండి కొత్తగా మొదలుపెట్టేవారి కోసం.

2022 జులై 17

గోదావరి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు, నిన్నటికి ప్రవాహం 25 లక్షలు దాటింది. లంక గ్రామాలలో జనం పడవల మీద ఉన్నారు. మా ఇల్లు ఏటిగట్టుకు లోపల ఉంది కాబట్టి నీరు రాలేదు, కానీ గట్టు ఏమవుతుందో తెలియక మూడు రాత్రులు ఊరంతా మేలుకునే ఉంది. సంచులన్నీ అటక మీదకు చేర్చి, ఇంజనును గొలుసు కప్పీతో దూలానికి ఎత్తి కట్టాము. బండి గుల్ల మాత్రం ఇటుకల మీద అలాగే ఉంది. ఈ వారం దాని గురించి ఇంతకంటే ఆలోచించడం న్యాయం కాదు.

2022 అక్టోబరు 9

రాయడానికి మనసు రావడం లేదు, అయినా రాస్తాను.

మే నెలలో గుల్ల పైభాగమంతా ఎమరీ పట్టి మెరిసేదాకా గీకి, రెడాక్సైడ్ ప్రైమరు రెండు పూతలు వేసి, వానలు వెళ్ళాక రంగు వేద్దామని వదిలేశాను. ఈ రోజు టార్పాలిన్ తీస్తే ముందు మడ్‌గార్డుల మీదా, బానెట్ మీదా గసగసాలు చల్లినట్టు పొక్కులు ఉన్నాయి. గోటితో ఒకటి గిల్లితే కింద ఎర్రటి తడి తుప్పు బయటపడింది. రెడాక్సైడ్ రంగు చూసి రక్షణ అనుకున్నాను, కానీ పైన రంగు లేని ఆ ప్రైమరు చెమ్మను లోపలికి పీల్చుకుంటుంది. దానిపైన నాలుగు నెలలు టార్పాలిన్ కప్పితే కింద ఆవిరి పట్టి పని మరింత వేగంగా చెడుతుంది. గీకిన రేకును వానాకాలంలోకి తీసుకువెళ్ళవలసి వస్తే ఎపాక్సీ ప్రైమరు వేయాలట. ఆ మాట పొక్కులు చూశాక నాకు తెలిసింది.

ఐదు నెలల ఆదివారాలు పోయాయి. సంచుల మీద స్కెచ్ పెన్ను రాతలు కూడా చెమ్మకు అలుక్కుపోయాయి. సంక్రాంతికి బండి తిప్పుతానని చుట్టాలందరికీ చెప్పి ఉన్నాను.

నవంబరు, డిసెంబరు నెలలకు ఈ పుస్తకంలో పేజీలు లేవు. పాక వైపు వెళ్ళవలసి వచ్చినప్పుడు తోట చుట్టూ తిరిగి వెళ్ళాను.

2023 జనవరి 22

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చిన చుట్టాలు అందరూ అడిగారు, బండి ఏమైందని. ఒక్కొక్కరికీ ఒక్కొక్క సమాధానం చెప్పి అలసిపోయాను. చివరికి మా చెల్లెలి కొడుకు, పన్నెండేళ్ళవాడు, అటక ఎక్కి ఒక తలుపును పట్టుకుని చూస్తూ, "మామయ్యా, ఈ అద్దం పైకి రాదా?" అని అడిగాడు. హ్యాండిలు వదులుగా తిరుగుతోంది, అద్దం మాత్రం కదలడం లేదు.

ఆ మరునాడు ఇద్దరం ఆ ఒక్క తలుపును కిందకు దింపి అరుగు మీద పెట్టుకున్నాము. లోపలి అద్దం యంత్రంలో పళ్ళ చక్రం బాగానే ఉంది, దాని మీది గ్రీజు ఎండి తారులా అయి పట్టేసింది, చేతి కడ్డీ ఇరుసు మీది గాళ్ళు అరిగిపోయాయి. కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్షుతో తోమాము. గాళ్ళు అరిగిన చోట రేకు ముక్క దూర్చి బిగించాము. తలుపు అడుగున నీరు కారిపోవడానికి వదిలిన సన్నని కన్నాలు మట్టితో మూసుకుపోయి ఉంటే సైకిలు పుల్లతో పొడిచి తెరిచాము. ఇలా మూసుకుపోయినందువల్లనే తలుపుల అడుగు రేకు లోపలి నుంచి తుప్పు పట్టిందని అప్పుడు అర్థమైంది. సాయంత్రానికి వాడు హ్యాండిలు తిప్పితే అద్దం ఎక్కడా ఆగకుండా పైకి వచ్చింది, కిందకు దిగింది. వాడు ఇరవైసార్లు తిప్పి ఉంటాడు. నేను వద్దనలేదు.

రెండు నెలల తరువాత బండికి సంబంధించి ఒక వస్తువు మొదలై పూర్తయింది. నన్ను కుంగదీసింది పని కష్టం కాదని ఆ రాత్రి తెలిసింది. ఏ పని చూసినా దాని చివర కనిపించకపోవడం వల్ల కుంగిపోయాను. ఆదివారం పాకలోకి వెళితే మొదటి అరగంట ఎక్కడ మొదలుపెట్టాలా అని తిరగడంలోనే పోయేది, ఆ అరగంటలోనే విసుగు పుట్టేది.

ఆ రోజు నుంచి రెండు ఏర్పాట్లు చేసుకున్నాను. మొదటిది, పాక గుంజకు ఒక పలక తగిలించాను. పని ముగించి లేచే ముందు, తరువాతి సారి చేయవలసిన ఒకే ఒక పని దాని మీద రాసి, ఆ పనికి కావలసిన పానాలు, సామాను, గుడ్డ బల్ల మీద సర్ది పెట్టి వెళతాను. వీలైతే ఆ పనిని కొద్దిగా మొదలుపెట్టి, రెండు నట్లు వదులుచేసి మరీ వెళతాను. మళ్ళీ వచ్చినప్పుడు ఆలోచించకుండా చేయి ఆ నట్టు మీదకే పోతుంది. రెండోది, ఎవరికీ తేదీ చెప్పడం మానేశాను. ఎవరైనా అడిగితే పలక మీద ఉన్న పని చెబుతాను. "ఎడమ తలుపు తాళం విప్పుతున్నానండి" అంటే వినేవారికి కూడా ఏదో ఒకటి అర్థమవుతుంది, నాకు అబద్ధం చెప్పిన భావన ఉండదు. సంచుల పేర్లు కూడా మార్చాను. పాత రేకు డబ్బాలను చిన్న బిళ్ళలుగా కత్తిరించి, మేకుతో పేర్లు గీకి, తీగతో కట్టాను. చెమ్మ వాటిని ఏమీ చేయలేదు.

2023 ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం వరకు

డెల్టాలో పని చేసేవాడు ఏడాదిని కాలాల ప్రకారం పంచుకోవాలి. రేకు పని, ప్రైమరు, రంగు ఫిబ్రవరి నుంచి మే వరకే. వానలు మొదలయ్యాక పాకలో కూర్చుని చేసే పనులు, అంటే కార్బురేటరు, డైనమో, సెల్ఫ్ మోటారు, వైరింగు, వాల్వులు. ఈ పంపకం చేసుకున్నాక వానాకాలం నాకు ఆటంకంగా కనిపించడం మానేసింది. సార్వా, దాళ్వా అని పంటను రెండుగా పంచుకున్నవాళ్ళ పిల్లవాడికి ఇది ముందే తట్టవలసింది.

మేస్త్రి గారు రన్నింగ్ బోర్డు పెట్టెలు కోశారు. కోసే ముందు తలుపుల ఖాళీలలో అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డింగు చేశారు. అవి లేకుండా పెట్టె కోస్తే గుల్ల మధ్యలో కుంగుతుంది, తరువాత ఎన్ని జన్మలెత్తినా తలుపులు సరిగా పడవు. ముందు ఎడమవైపు పూర్తిచేసి, తలుపులు బిగించి, మూసి తెరిచి చూసుకుని, ఆ తరువాతే కుడివైపు ముట్టుకున్నారు. పెట్టెలకు 18 గేజి, నేలకు 20 గేజి రేకు వాడారు.

చిన్న సామాను తుప్పు తీయడానికి నేను కరెంటు పద్ధతి పట్టుకున్నాను. రొయ్యల చెరువుల దగ్గర వాడి పారేసే ప్లాస్టిక్ పీపా ఒకటి తెచ్చి, నీళ్ళలో లీటరుకు ఒక చెంచా చొప్పున చాకలి సోడా కలిపాను. బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగ తుప్పు పట్టిన వస్తువుకూ, పాజిటివ్ తీగ పాత ఇనుప చువ్వలకూ కట్టాలి. ఈ రెండూ తారుమారైతే మన వస్తువే కరిగిపోతుంది. చువ్వలకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, నీటిలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి పీపా ఆరుబయటే ఉండాలి, బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రాకూడదు. స్ప్రింగులూ, గట్టి ఉక్కు బోల్టులూ ఇందులో వేస్తే పెళుసెక్కుతాయి, వాటికి తీగ బ్రష్షే మంచిది. రాత్రి వేసిన తలుపు బందులు ఉదయానికి నల్లటి పొడి కప్పుకుని ఉంటాయి, నీళ్ళ కింద తోమితే లోపల బూడిదరంగు ఇనుము కనిపిస్తుంది. వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె పట్టించకపోతే మధ్యాహ్నానికే ఎర్రబడుతుంది. మనం నిద్రపోతున్నప్పుడు కూడా పని సాగే పద్ధతి ఒకటి చేతిలో ఉండటం మనసుకు ఎంత మేలు చేస్తుందో చెప్పలేను. ఏ పనీ చేయలేనంత అలసిన రోజున కూడా పీపాలో ఒక వస్తువు వేసి పడుకునేవాడిని.

2023 అక్టోబరు 30

ముంబైలో పద్మిని టాక్సీల కథ ఈ రోజుతో ముగిసింది. చివరి పద్మిని టాక్సీ అక్కడ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. టాక్సీకి ఇరవై ఏళ్ళ గడువు కాబట్టి నిన్నటితో అది తీరిపోయింది. మొన్న నలుపు పసుపు బండిని టీవీలో చూపిస్తున్నప్పుడు అమ్మ, "అయ్యో, మన బండే" అన్నారు. నాకు బాధతో పాటు ఒక ఆందోళన కూడా కలిగింది. పద్మిని సామాను ఇన్నాళ్ళూ దొరుకుతూ వచ్చిందంటే అక్కడ వేల టాక్సీలు తిరిగినందువల్లే. మరునాడే విజయవాడ ఆటోనగర్ వెళ్ళి, తిరిగి తిరిగి, వీల్ సిలిండర్లు, బ్రేకు షూలు, ఒక హెడ్ ప్యాకింగు, డిస్ట్రిబ్యూటరు మూత కొన్నాను. దొరికినప్పుడు కొనిపెట్టుకున్న సామాను వానాకాలపు సాయంత్రాలకు ధాన్యపు గాదె లాంటిది.

2024 ఫిబ్రవరి 18

పైకప్పు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా పడిపోయినప్పుడు, మా తోటలో ఒక చెట్టు ఈ బండి మీద పడింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. తెల్లవారి నాన్నగారు ముందు చెట్లు లెక్కపెట్టారు, తరువాత బండి దగ్గరకు వచ్చారు. ఆ ఏడు తోటకే డబ్బు లేదు కాబట్టి, సొట్టను కాస్త లేపి పుట్టీ పెట్టి రంగు వేయించారు.

మొన్న మేస్త్రి గారు ఆ పుట్టీ లేపారు. కొన్ని చోట్ల వేలి మందం ఉంది. కింద రేకు మీద చెట్టు మొద్దు ఆనిన గాడి స్పష్టంగా కనిపించింది, నా అరచేయి అందులో సరిగ్గా ఒదిగింది. లోపలి నుంచి కొయ్య దిమ్మ పెట్టి, బయట నుంచి సుత్తితో అంచు నుంచి మధ్యకు చిన్న చిన్న దెబ్బలతో ఆయన రెండు రోజులు కొట్టారు. మధ్యలో కొడితే రేకు సాగి పొంగుతుందట. పూర్తిగా చదును చేయమంటారా అని అడిగారు. చేయమన్నాను. గుర్తుగా ఉంచమని చుట్టాలు కొందరు చెప్పారు, కానీ నాన్నగారికి ఆ సొట్ట ఎప్పుడూ ఇష్టం లేదు. డబ్బు ఉంటే ఆ వారంలోనే తీయించి ఉండేవారు.

2024 జులై నుంచి సెప్టెంబరు వరకు

ఇంజను పని. ఈ ఇంజనుకు దిమ్మ పోత ఇనుము, దాని పైమూత అయిన హెడ్డు అల్యూమినియం. మా ఇంట్లో రేడియేటరులో ఎప్పుడూ బోరు నీరే పోసేవారు, మా బోరు నీరు ఉప్పగా ఉంటుంది. రెండు లోహాల మధ్య ఉప్పునీరు ఉంటే అల్యూమినియాన్ని తినేస్తుంది. హెడ్డు స్టడ్ల చుట్టూ తెల్లటి సున్నంలాంటి పొడి పేరుకుపోయి, హెడ్డు లేవడానికి నాలుగు రోజులు పట్టింది. నీటి దారుల అంచులు చీమలు కొరికిన బెల్లంలా ఉన్నాయి. పట్టణంలో ఒక లేత్ షాపులో వాటికి వెల్డింగు పోసి, అడుగు భాగం చదును చేయించాము. ఆ షాపువారు మూడు వారాలని చెప్పి పదకొండు వారాలు ఉంచుకున్నారు. ఇంతకుముందైతే ఆ ఆలస్యంతో పని మొత్తం ఆగిపోయేది. ఈసారి పలక మీద వేరే పని రాసుకున్నాను. ఇతరుల చేతిలో ఉన్న పని ఎప్పుడూ ఒకటి ఉంటుంది కాబట్టి, మన చేతిలో కూడా ఒకటి ఉండేలా చూసుకోవాలి.

హెడ్డు తిరిగి వచ్చాక వాల్వులు ఎనిమిది. రబ్బరు గిన్నె ఉన్న కర్రను వాల్వు ముఖానికి అంటించి, అంచుకు గ్రైండింగు పేస్టు రాసి, మజ్జిగ కవ్వం తిప్పినట్టు రెండు అరచేతుల మధ్య తిప్పాలి. మొదట ఇసుక నమిలిన చప్పుడు వస్తుంది. కాసేపటికి అది మెత్తబడి దాదాపు వినిపించదు. అప్పుడు పేస్టు తుడిచి చూస్తే వాల్వు అంచు మీద ఎక్కడా తెగని బూడిదరంగు వలయం కనిపించాలి. ఎక్కడైనా తెగితే మళ్ళీ రాయాలి. సాయంత్రానికి ఒక్క వాల్వు అని నియమం పెట్టుకున్నాను, రెండోది చేయగలిగినా చేయలేదు. బయట వాన, గుడ్డి దీపం, చేతిలో కర్ర. ఎనిమిది సాయంత్రాలలో ఎనిమిది వలయాలు వచ్చాయి. ఈ నాలుగేళ్ళలో నాకు అన్నిటికంటే తృప్తి కలిగించిన వారాలు ఇవే.

పెట్రోలు సంగతి ఒకటి రాయాలి. ఇప్పుడు బంకులలో ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. నిలవ ఉంచిన బండిలో ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రబ్బరువి వేసి, పంపులో డయాఫ్రమ్ మార్చాను.

2024 డిసెంబరు 8

ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ మీద ఇంజనును తిప్పి, డాష్‌బోర్డు మీది ఆయిల్ హెచ్చరిక దీపం ఆరేదాకా చూశాను. ఆ తరువాత ప్లగ్గులు బిగించి మొదటిసారి కొట్టాను. కార్బురేటరు నోట్లోంచి టపాసు పేలినట్టు మంట వచ్చింది. రెండోసారి కూడా అంతే. అరగంట తల పట్టుకున్నాక, ఒకటో సిలిండరు పైకి వచ్చిన గుర్తు సరిగ్గానే ఉన్నా, అది కుదింపు వేళ కాక పొగ వదిలే వేళ అని తట్టింది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటరు ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి పిస్టను పైకి రావడం ఒక్కటే చాలదు. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గాలి వేలిని నెట్టే చుట్టు పట్టుకుని, ప్లగ్గు తీగలను సిలిండర్లు మండే 1-3-4-2 వరుసలో మళ్ళీ పెట్టాను.

ఉదయం పదకొండూ పదికి ఇంజను అందుకుంది. పాక నిండా నీలిపొగ కమ్మింది, దూడలు బెదిరాయి. అమ్మ వంటింట్లోంచి గరిటె చేత్తోనే వచ్చి గడపలో నిలబడ్డారు. రెండు నిమిషాల తరువాత నేను ఆపబోతే, "ఉండనీరా. మీ నాన్న పొద్దున్నే ఇలాగే కాసేపు ఉంచేవారు" అన్నారు. ఉంచాను.

2025 మార్చి 2

రంగు పూర్తయింది. ఫిబ్రవరిలో డెల్టాలో తెల్లవారుజామున మంచు దిగుతుంది కాబట్టి, ఉదయం పదిన్నర దాటాక మొదలుపెట్టి మూడు గంటలకల్లా ఆపేశాము. చెమ్మ ఉన్న గాలిలో త్వరగా ఆరే రంగు కొడితే, థిన్నరు ఎగిరిపోతూ రేకును చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని నీరు రంగు మీద పట్టి అది పాలిపోయినట్టు తెల్లబారుతుంది. ఈసారి కింద ఎపాక్సీ ప్రైమరు ఉంది. రంగు నాన్నగారి నాటి లేత నీలమే. గ్లవ్ బాక్సు లోపల ఎండ తగలని చోట మిగిలిన పాత రంగు ముక్కతో పోల్చి కలిపించాము. రంగు వేయక ముందే పెట్టెలలోకి గొట్టంతో మైనపు పూత కొట్టించాను.

సీట్ల స్ప్రింగుల మీద పరిచిన కొబ్బరిపీచు మన అంబాజీపేటదే దొరికింది. అది మాత్రం ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

ఈ రాత్రి ఖర్చుల పుస్తకం తెరిచాను. 3 లక్షల 15 వేలు దాటింది. బయట ఇంత డబ్బు పెట్టి ఎవరూ ఈ బండిని కొనరు. అమ్మడానికి చేయలేదు కాబట్టి పుస్తకం మూసేశాను.

2025 జూన్ 29

కాగితాల పని మే నెలలో ముగిసింది. పదిహేనేళ్ళు దాటిన సొంత కార్ల రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌లో పెరిగి, నేను కట్టేనాటికి 5,000 రూపాయలు ఉండేది, ఇన్నేళ్ళ ఆలస్యానికి అపరాధం అదనం. ఫిట్‌నెస్ పరీక్షలో బ్రేకులు, దీపాలు చూశారు. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్ళు దాటిన బండికే వర్తిస్తాయి కాబట్టి ఆ ఆలోచన 2028లో చేయాలి.

మొన్న అమ్మను కూర్చోబెట్టుకుని అంబాజీపేట దాకా వెళ్ళివచ్చాను. కొబ్బరి మార్కెట్టు దగ్గర ఒక పెద్దాయన బండికి అడ్డంగా వచ్చి నిలబడి, ఏమీ అడగకుండా బానెట్ మీద చేయి వేసి చూసి వెళ్ళిపోయారు.

నిన్న రాత్రంతా గట్టి వాన. బండిని కావాలనే బయట ఉంచాను. తెల్లవారగానే ముందు తలుపుల అడుగు కన్నాల కింద వేలు పెట్టి చూశాను, నీరు సన్నగా కారుతోంది. ముందువైపు రెండు మ్యాట్లూ లేపి నేల రేకు మీద అరచేయి పెట్టాను. పొడిగా ఉంది. ఎడమ వెనుక సీటు కింద మాత్రం అరచేతి వెడల్పున తడి ఉంది. నీరు తలుపు రబ్బరు మూలలో అతుకు ఊడిన చోటు నుంచి దిగుతోంది.

గుడ్డతో తుడిచి, మ్యాటు ఎండలో వేశాను. పలక మీద "ఎడమ వెనుక తలుపు రబ్బరు" అని రాసి, జిగురు డబ్బా, కత్తి, కొత్త రబ్బరు చుట్ట బల్ల మీద పెట్టి, పాత రబ్బరు ఒక కొస లాగి ఉంచాను.